ఎర్ర సిరా కింద పడిన మాట

(ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

బోర్డు మీద మూడు వాక్యాలు రాశాను, ఒకసారి చూడండి. 'మా నాయిన వచ్చిండు.' 'మా నాయన వచ్చినాడు.' 'మా నాన్న వచ్చాడు.' నాలుగో తరగతి నోటుబుక్కుల్లో ఈ మూడూ కనిపిస్తాయి. మూడోదానికి టిక్కు పడుతుంది. మొదటిదాని కింద ఎర్ర గీత పడుతుంది. రెండోదాన్ని ఏం చెయ్యాలన్న దాంట్లో ఒక్కో మాస్టారిది ఒక్కో పద్ధతి. ఆ గీత ఎక్కడి నుంచి వచ్చింది, అది పడ్డాక పిల్లవాడి చదువు ఏమవుతుంది, దాని బదులు మనం ఏం చెయ్యవచ్చు అన్నదే ఇవాళ్టి నా మాట.

ముందు వ్యాకరణం చూద్దాం. మూడింటికీ మూలం ఒక్కటే. 'వచ్చిన' అన్న భాగానికి 'వాడు' అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరింది. ఒక చోట 'వచ్చినాడు' అని నిలిచింది, ఒక చోట కుదించుకుపోయి 'వచ్చాడు' అయింది, ఇంకో చోట 'వచ్చిండు' అయింది. పాత పుస్తకాల్లో 'వాఁడు' అని అరసున్నతో రాసేవారు. ఆ అరసున్న ఒకప్పటి నిండు సున్నకు మిగిలిన ఆనవాలు. 'వచ్చిండు'లో ఆ నిండు సున్న ఇంకా వినిపిస్తూనే ఉంది. అంటే, మనం మొరటు అనుకుని కొట్టేస్తున్న మాటలో పాత తెలుగు జాడ ఉంది. భాషాశాస్త్రం వైపు నుంచి చూస్తే ఈ మూడింటిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని తేల్చడానికి ఏ ఆధారమూ లేదు. తేల్చింది చరిత్ర.

ఆ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1907లో కోస్తా ఉత్తర జిల్లాలకు బడుల పర్యవేక్షకుడిగా వచ్చిన జె.ఎ. యేట్స్, పుస్తకంలో ఉన్న తెలుగు వీధిలో ఎందుకు వినిపించడం లేదని అడిగాడు. ఆ ప్రశ్నను గిడుగు వెంకట రామమూర్తి, గురజాడ అప్పారావు గట్టిగా పట్టుకున్నారు. అటువైపు జయంతి రామయ్య పంతులు వంటి పండితులు గ్రాంథికం, అంటే పాత పుస్తకాల భాష, పక్షాన నిలబడ్డారు. గ్రాంథికం నేర్చుకోవాలంటే ఏళ్ల తరబడి తీరిక కావాలి, ఇంట్లో పుస్తకాలు ఉండాలి. అవి ఉన్నవాళ్లకే అది వచ్చింది. కాబట్టి ఆ గొడవ వ్యాకరణం గురించి ఎంతో, బడిలోకి ఎవరు రావచ్చన్న దాని గురించీ అంతే. చివరికి వాడుక భాష గెలిచింది. అయితే గెలిచి అచ్చులోకి ఎక్కింది ఎవరి వాడుక? పత్రికలు, అచ్చుయంత్రాలు, కాలేజీలు ఎక్కువగా ఉన్న కోస్తా జిల్లాల్లో చదువుకున్నవాళ్ల వాడుక. దానికి 'శిష్ట వ్యావహారికం' అని పేరు. ఆ పేరులోనే మిగతావాళ్లు శిష్టులు కారన్న ధ్వని ఉంది.

హైదరాబాదు రాజ్యంలో కథ ఇంకో రకం. అక్కడ పాలన భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు అల్లరి చేసి ఆపేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. గ్రంథాలయాలు, రాత్రి బడులు, తెలుగు సభలు ఆ దారిలో వచ్చినవే. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 29న గిడుగు పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. తెలంగాణలో సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. ఒకే భాషకు రెండు పండుగలు ఎందుకు వచ్చాయని పిల్లలు అడిగితే, ఈ ఎర్ర గీత సంగతి చెబితే చాలు, వాళ్లకు అర్థమవుతుంది.

సరే, నోటుబుక్కు దగ్గరికి వద్దాం.

దిద్దకుండా వదిలేయమని నేను చెప్పడం లేదు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. పరీక్షలోను, దరఖాస్తులోను, ఉద్యోగంలోను నడిచే తెలుగు ఒకటుంది. దాన్ని నేర్పకపోతే పిల్లవాడికి అన్యాయం చేసినట్టే. ఆ భాష ఇంట్లో ఉన్న పిల్లలకు బడి నేర్పకపోయినా వస్తుంది. లేని పిల్లలకు బడి తప్ప వేరే దిక్కు లేదు. మరి ఎలా నేర్పాలి?

నోటుబుక్కు మొదటిసారి చదివేటప్పుడు పెన్ను చేతిలో పట్టుకోకండి. పిల్లవాడు ఏం చెప్పాడో చదవండి. చదివాక అడుగున ఒక వాక్యం రాయండి, అతను చెప్పిన విషయానికి జవాబుగా: 'మీ నాయిన ఊరి నుంచి ఏం తెచ్చిండు?' అని. అవును, అతని మాటలోనే. అప్పుడు రెండోసారి చదివి, దిద్దాల్సినవాటిలో ఒకే ఒక్క రకాన్ని ఎంచుకోండి. ఈ వారం క్రియల చివర్లు, అంతే. వత్తులు, విభక్తులు, వాక్యం చివర చుక్క మరో వారానికి. పేజీ అంతా ఎర్రబడితే పిల్లవాడు ఒక్కటి కూడా నేర్చుకోడు. మరుసటి వారం తప్పులు తగ్గించడానికి చిన్న వ్యాసం రాస్తాడు. వాక్యాలు పొట్టివవుతాయి, తెలిసిన మాటలే వాడతాడు. దాన్ని చూసి మెరుగుపడ్డాడనుకుంటాం. నిజానికి దాక్కుంటున్నాడు.

తరువాతి రోజు బోర్డు మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమ పక్క 'ఇంటి మాట', కుడి పక్క 'పుస్తకం మాట'. క్లాసు నోటుబుక్కుల్లో నుంచి నాలుగైదు వాక్యాలు, పేర్లు లేకుండా, ఎడమ పక్క రాయండి. కుడి పక్కది పిల్లలే చెప్పాలి. 'వచ్చిండు – వచ్చాడు, పోయిండు – పోయాడు, తిన్నడు – తిన్నాడు.' మూడు నాలుగు జతలు అయ్యేసరికి ఎక్కడ ఏది మారుతోందో వాళ్లే పట్టేస్తారు. ఆ సూత్రం వాళ్ల నోటి నుంచి రావాలి. పదిహేను నిమిషాల పని ఇది. వారానికి రెండుసార్లు చేస్తే చాలు. ఆ తర్వాత ఒకే సంగతిని రెండుసార్లు రాయించండి: ఒకటి అమ్మమ్మకో నాయనమ్మకో ఉత్తరం, రెండోది ప్రధానోపాధ్యాయులకు లేఖ. మొదటిదాంట్లో పుస్తకం మాటలు వస్తే అక్కడ కూడా ఆపి, 'నాయనమ్మతో ఇట్లనే మాట్లాడతావా?' అని అడగండి. మాట మార్చడం రెండు వైపులా రావాలి.

ఇది ఎక్కడ చెడిపోతుందో చెబుతాను. ఎడమ పక్క 'తప్పు', కుడి పక్క 'ఒప్పు' అని శీర్షిక పెట్టిన రోజు మొత్తం చెడిపోతుంది. అప్పుడది పాత ఎర్ర గీతే, కాకపోతే సుద్దముక్కతో గీసింది. ఇంకోటి, టీచరు పిల్లల యాసను సరదాగా అనుకరించడం. మనసులో ప్రేమ ఉన్నా సరే, క్లాసు నవ్వుతుంది. ఆ పిల్లవాడు ఆ ఏడాదంతా చెయ్యెత్తడు.

వత్తుల సంగతి కూడా ఇలాంటిదే. మన ఇళ్లలో చాలామంది మాటల్లో వత్తు అక్షరాలు పలకవు. 'బాద' అంటాం, 'బయం' అంటాం. రాతలో మాత్రం ఎక్కడో ఒక వత్తు ఉండాలని పిల్లవాడికి తెలుసు, ఎక్కడో తెలియదు. అందుకే 'భాద' అని రాస్తాడు. దీన్ని అజాగ్రత్త అనకండి. బాగా ఆలోచించి చేసిన తప్పు అది. నియమం ఉందని గుర్తించినవాడే ఆ తప్పు చేస్తాడు. చెవికి అందని తేడాను కంటికి చూపించి నేర్పాలి. బాధ, సాధన, బోధ, క్రోధం అని ఒకే అక్షరం ఉన్న మాటలు గుంపుగా చూపించాలి. పదిసార్లు ఇంపొజిషన్ రాయిస్తే చెయ్యి నొప్పెడుతుంది, అంతే.

పదాల విషయంలోనూ జాగ్రత్త ఉండాలి. ఒకే జంతువు కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె, రాయలసీమలో ఎనుము. బొమ్మ చూపించి 'ఇదేమిటి?' అని అడిగే పరీక్షలో, జవాబుల పట్టికలో 'గేదె' ఒక్కటే ఉంటే, 'ఎనుము' అన్న పిల్లకు సున్న పడుతుంది. ఆ పిల్లకు ఆ జంతువు ఈనడం నుంచి పాల దాకా అన్నీ తెలిసి ఉండవచ్చు. ఆ పట్టిక తయారుచేసేటప్పుడు మూడు ప్రాంతాల టీచర్లకు ఒకసారి చూపిస్తే ఈ పొరపాటు జరగదు.

ఇప్పుడు నోటుబుక్కు మూసి, క్లాసులో మాట ఎలా నడుస్తుందో చూద్దాం. టీచరు అడుగుతారు, పిల్లవాడు చెబుతాడు, టీచరు 'గుడ్' అంటారు లేదా 'కూర్చో' అంటారు. మళ్లీ టీచరు అడుగుతారు. ప్రపంచంలో ఎక్కడి క్లాసులోనైనా ఇదే వరస. దీనిలో విచిత్రం ఏమిటంటే, అడిగేవాళ్లకు జవాబు ముందే తెలుసు. ఇంట్లో ఎవరైనా తమకు తెలిసినదాన్ని అడుగుతారా? కొన్ని ఇళ్లలో అడుగుతారు. 'కుక్క ఏమంటుంది? ఇది ఏం రంగు?' అని చదువుకున్న తల్లిదండ్రులు రెండేళ్ల పిల్లలను అడుగుతూనే ఉంటారు. ఆ పిల్లలు బడికి వచ్చేసరికి ఈ ఆట వచ్చేసి ఉంటుంది. మిగతా ఇళ్లలో అవసరం ఉంటేనే ప్రశ్న పుడుతుంది. ఆ పిల్లలకు టీచరు ప్రశ్న అర్థం కాదు, 'ఆయనకు తెలుసు కదా, నన్నెందుకు అడుగుతున్నాడు' అనుకుని ఊరుకుంటారు. మనం 'ఏమీ రాదు' అని రాసుకుంటాం.

అమెరికాలోని వార్మ్ స్ప్రింగ్స్ ప్రాంతంలో మూలవాసుల పిల్లలను పరిశీలించిన సూజన్ ఫిలిప్స్ దీన్నే దగ్గరగా చూశారు. ఒక్కొక్కరినీ లేపి అందరి ముందు అడిగితే ఆ పిల్లలు మౌనం. చిన్న గుంపులుగా కూర్చుని తమ పని తాము చూసుకోమంటే బాగా మాట్లాడతారు. వాళ్ల సమాజంలో ఒకరిని నలుగురి ముందు నిలబెట్టి పరీక్షించే అలవాటు లేదు. హవాయిలో ఇంకో రకం. అక్కడ ఇళ్లలో ఒకరు మొదలుపెట్టిన మాటను ఇంకొకరు అందుకుని, కలిసి కథ చెబుతారు. అక్కడి బడిలో చదువు పాఠంలో ఒకరి తర్వాత ఒకరు అన్న నియమం సడలించి, పిల్లలను మాట మీద మాట అందుకోనిచ్చారు. వాళ్ల చదవడం మెరుగుపడింది. పిల్లలు మారలేదు, పుస్తకమూ మారలేదు. మాట వంతు ఎవరిది అన్నది ఒక్కటే మారింది.

వంతు గురించి చెప్పుకున్నాం గనుక, సమయం గురించి కూడా చెప్పాలి. మేరీ బడ్ రో అనే విజ్ఞానశాస్త్ర బోధకురాలు 1970లలో క్లాసుల టేపులు రికార్డు చేసి లెక్కపెట్టారు. ప్రశ్న వేశాక టీచరు ఆగే సమయం సగటున ఒక సెకను. అంతలో జవాబు రాకపోతే ఇంకొకరిని అడుగుతారు, లేదా తామే చెప్పేస్తారు. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు, పిల్లలే ప్రశ్నలు వెయ్యడం మొదలైంది. ఇప్పుడు ఇక్కడ మూడు సెకన్లు ఆగుదాం.

(విరామం)

చూశారా, ఎంత పొడుగ్గా ఉందో. ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి అయిన పిల్లవాడు ఆ మూడు సెకన్లలో మీ ప్రశ్నను తన భాషలోకి తెచ్చుకుని, జవాబు వెతికి, మళ్లీ మీ భాషలోకి మార్చాలి. ఒక్క సెకను ఇస్తే పరుగు ఎవరు గెలుస్తారో ముందే తేలిపోయినట్టే. రేపటి నుంచి ప్రశ్న వేశాక మనసులో 'ఒకటి, రెండు, మూడు' అనుకోండి. జవాబు వచ్చాక కూడా ఇంకో మూడు లెక్కపెట్టండి. ఈ రెండో విరామాన్ని అందరూ మరిచిపోతారు. 'ఎందుకంటే...' అన్న మాట అక్కడే వస్తుంది. మొదటి వారం మీకే ఇబ్బందిగా ఉంటుంది, క్లాసు చెయ్యి జారుతోందేమోనన్న భయం వేస్తుంది. ఓర్చుకోండి.

ఇక పాఠ్యపుస్తకం. తెలుగు మీడియం అయితే భాషా సమస్య లేదనుకోవడం మనలో చాలామందికి ఉన్న భ్రమ. 'కిరణజన్య సంయోగక్రియ' ఏ పిల్లవాడి ఇంటి మాట? దాన్ని బట్టీ పట్టించే బదులు విప్పి చూపించండి. కిరణం అంటే వెలుగు. జన్యం, పుట్టినది. సంయోగం, కలవడం. క్రియ, పని. వెలుగు వల్ల పుట్టే, కలిపే పని. ఏవి కలుస్తాయి? నీళ్లు, గాలిలోని కార్బన్ డయాక్సైడు. ముందు ఆకు చూపించి, తమ మాటల్లో చెప్పనిచ్చి, చివర ఈ పేరు పెట్టాలి. పేరుతో మొదలుపెడితే పేరే మిగులుతుంది.

పారిభాషిక పదాల కన్నా ఎక్కువ దెబ్బ తీసేవి ప్రశ్నపత్రంలోని క్రియలు. 'నిర్వచించండి, వివరించండి, సమర్థించండి, పోల్చండి.' సమర్థించమంటే ఏం రాయాలో మనం ఎప్పుడైనా నేర్పామా? ఒక అభిప్రాయం, దానికి రెండు కారణాలు, ఒక్కో కారణానికి ఒక ఉదాహరణ అని చెప్పి, అందరికీ తెలిసిన విషయం మీద నోటితో చేయించాలి: 'మధ్యాహ్నం ఆటల పీరియడు ఉండాలి, సమర్థించు' అని. నోటితో వచ్చాకే రాయించాలి. ఇంట్లో చదువుకున్నవాళ్లుంటే ఈ గుట్టు సాయంత్రం చెబుతారు. లేకపోతే తెలిసిన పాఠానికే మార్కులు పోతాయి.

ఇంగ్లీషు మీడియం గురించి అడగాలని చాలామంది చూస్తున్నారు, నాకు కనిపిస్తోంది. తల్లిదండ్రులను తప్పుపట్టే మాట నేను అనను. అధికారం ఏ భాషలో ఉందో వాళ్లకు బాగా తెలుసు, అందుకే అడుగుతున్నారు. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలో బోధించమంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా అంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చే ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఈ వాదన ఇంకా నడుస్తుంది. అయితే ఇంగ్లీషు బాగా రావాలన్నది, అన్నీ ఇంగ్లీషులోనే చెప్పాలన్నది రెండు వేరు విషయాలు. ఇది ఊహ కాదు. 1970లో నైజీరియాలోని ఇఫే విశ్వవిద్యాలయం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఒక గుంపు పిల్లలకు ఆరేళ్లూ వాళ్ల ఇంటి భాష యొరుబాలోనే చదువు, ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా బాగా నేర్పారు. ఇంకో గుంపుకు మూడేళ్ల తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది. చివరికి మొదటి గుంపు మిగతా సబ్జెక్టుల్లో ముందుంది, ఇంగ్లీషులో వెనకపడలేదు. కెనడాలో జిమ్ కమ్మిన్స్ చూపించిన లెక్క కూడా గుర్తుంచుకోండి. కొత్త భాషలో కబుర్లు చెప్పడానికి రెండేళ్లు చాలు, ఆ భాషలో పాఠం చదివి ఆలోచించడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. గ్రౌండులో ఇంగ్లీషు మాట్లాడుతున్నాడని లెక్కల పాఠం అర్థమైందనుకుంటే మోసపోతాం.

మీ బడి ఇప్పటికే ఇంగ్లీషు మీడియం అయితే రేపు చెయ్యగలిగింది ఒకటుంది. నలభై నిమిషాల పీరియడులో మొదటి అయిదు నిమిషాలు తెలుగులో, ఇవాళ దేని గురించి, దాని గురించి మీకేం తెలుసు అని. తర్వాత ఇరవై అయిదు నిమిషాలు ఇంగ్లీషులో. చివరి పది నిమిషాలు పిల్లలు జతలుగా తమ భాషలో ఒకరికొకరు చెప్పుకోవాలి. ప్రతి వాక్యానికీ వెంటనే తెలుగు అనువాదం మాత్రం చెప్పకండి. అలా చేస్తే పిల్లలు ఇంగ్లీషు వినడం మానేసి, తెలుగు కోసం ఎదురుచూస్తారు.

అందరికన్నా ఎక్కువ భారం మోసే పిల్లల గురించి చెప్పకుండా ముగించలేను. ఆదివాసీ పిల్లలకు తెలుగే పరాయి భాష, ఇంగ్లీషు రెండో పరాయి భాష. మన రెండు రాష్ట్రాల కొండల్లో మూడు భాషా కుటుంబాలున్నాయి. గోండి, కోయ, కొలామి, కువి ద్రావిడ భాషలు. లంబాడీ ఇండో-ఆర్య భాష. సవర ముండా భాష, తెలుగుతో చుట్టరికమే లేదు. గిడుగు రామమూర్తి ఆ సవర నేర్చుకుని, వ్యాకరణం రాసి, నిఘంటువు కూర్చి, సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పించడానికి కష్టపడ్డారు. తెలుగు వాడుకకు ఆయన చేసిన వాదనా, సవరకు చేసిన పనీ ఒకటే పని. మొదటిదానికి పండుగ చేస్తున్నాం, రెండోదాన్ని వదిలేశాం. నాకు ఇది బాధగా ఉంటుంది.

రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది, 1956లో ఏడో సవరణతో చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించాలంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో వాచకాలు తెచ్చి, తెలుగు లిపిలో బోధన మొదలుపెట్టారు. మంచి పని. ఇలాంటి పనులు ఎక్కడ కుంటుపడతాయో చెబుతాను, మీలో కొందరు ఆ పుస్తకాలు తయారుచేసేవాళ్లు. తెలుగు వాచకాన్ని వాక్యానికి వాక్యం అనువదిస్తే అది సవర మాటల్లో ఉన్న తెలుగు పాఠమే. కథ ఆ ఊళ్లో పుట్టాలి. లిపి ఇంకో చిక్కు. సవరలో గొంతు బిగించి ఆపే ధ్వని ఉంది, తెలుగులో దానికి అక్షరం లేదు. దాన్ని రాయకుండా వదిలేస్తే పిల్లలు చదివింది వాళ్ల భాషలా వినపడదు. ఏ గుర్తు పెట్టాలో సవర పెద్దలతో కూర్చుని ముందే తేల్చుకోవాలి. వాళ్లకు 1936లో మంగెయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి కూడా ఉంది. దాన్ని పక్కన పెడితే ఎందుకు పెట్టామో చెప్పవలసిన బాధ్యత మనది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, రెండో తరగతితోనే మాతృభాషను ఆపేయడం. అక్షరాలు కూడబలుక్కునే దశలో ఆపేస్తే, చదవడం నిలవకముందే నిచ్చెన లాగేసినట్టు.

పూర్వం బ్రిటన్‌లోని వేల్స్‌లో, బడిలో తన ఇంటి భాష వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్క ముక్క వేలాడదీసేవారు. అతను ఇంకెవరైనా వెల్ష్ మాట్లాడగా పట్టుకుంటే అది వాళ్ల మెడలోకి మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్లకు దెబ్బలు. పిల్లల చేతే పిల్లలను కాపలా కాయించారు. క్లాసులో 'తెలుగు మాట్లాడితే అయిదు రూపాయలు' అని డబ్బా పెట్టి, దానికి ఒక లీడరును పెట్టేవాళ్లు ఆ చెక్క ముక్కను మళ్లీ తెచ్చినట్టే. ఆ డబ్బా మీ బడిలో ఉంటే దయచేసి తీసేయండి.

న్యూజిలాండ్‌లో మూలవాసులైన మావోరీలు 1982లో దీనికి నేరుగా ఎదురు నడిచారు. భాష వచ్చిన అమ్మమ్మలను, తాతలను పసిపిల్లల బడుల్లో కూర్చోబెట్టారు. టీచరు పట్టా లేనివాళ్లే అక్కడ గురువులు. అయిదేళ్లకు, 1987లో, మావోరీ అధికార భాష అయింది.

ఒక ప్రశ్న వచ్చింది: 'సైన్సు పేపరులో ఇంటి మాటలో రాస్తే మార్కులు ఎలా వేయాలి?' అని. దిద్దే ముందే పక్కపక్కన రెండు గడులు గీసుకోండి, విషయానికి ఒకటి, భాషకు ఒకటి. సైన్సులో భాష గడికి మార్కులు లేవు, పిల్లవాడికి సూచన మాత్రమే. 'నీళ్లు కాగితె ఆవిరయ్యి పోతయి' అని రాస్తే విషయం గడిలో పూర్తి మార్కులు. తెలుగు పేపరులో వ్యాసానికి పది మార్కులుంటే, ఏడు విషయానికీ వరుసకూ, మూడు భాషకు. ఆ మూడింటిలో కూడా ఆ నెల నేర్పిన అంశానికే కోత. నేర్పనిదానికి కోయకండి.